కొలిమి కాడ పంచాది

విశాఖ కార్తె ఎల్లిపోయింది.
మన్ననూరు చుట్టుపట్ల పల్లిచేన్లు ఊడలు దింపుతున్నయి,
పందులకు వాసన తెలిసింది.

పొద్దుగూకంగనే నా కొలిమి కాడ నలుగురు జమైన్రు.
తిత్తి ఊదేటోడు ఒక్కడు దొరకడు గని
మాటలు ఊదేటోళ్లకు ఈ ఊర్ల కొదువ లేదు.

"ఇప్పుడే కొట్టాలె" అంటడు ఆశన్న.
"రెండెకరాల కౌలు. ఇత్తనానికే ఇరవై వేలు.
ఆఫీసుల దరఖాస్తు పెట్టిన, పట్నం నుంచి తుపాకాయన వస్తడట,
ఎప్పుడు? నేను పల్లి పీకినంక."

జానీమియా బీడీ ఆర్పి చెవుసందున పెట్టుకున్నడు.
తాతలనాటి భర్మారు ఠాణాల జమయి పన్నెండేండ్లు,
ఆయన కుడి భుజం ఇంకా ఆ బరువుకే వంగి ఉంటది.
"తుపాకి తీరు వేరు బేటా.
మందు దట్టించి, ఊపిరి బిగవట్టి, ఒక్కటే దెబ్బ.
తప్పితే అది మీదికొస్తది, అందుకే తప్పదు.
ఎండలు ముదరనియ్యి.
చెలిమ కాడ మంచె ఏస్తే అవే నడిచొస్తయి."

"నీళ్లకొచ్చినదాన్ని కొడ్తవా?"

ఈ మాట నిమ్మల బయన్నది.
అందాక నోరిప్పలే.
పెంట నుంచి తొమ్మిది మైళ్లు నడిచొచ్చిండు
ఒక్క అమ్ము ములికి కోసం.

తాండ రూప్లా జేబుల నుంచి బండి క్లచ్ వైరు తీసిండు.
ఉచ్చు ముడేసి చూపియ్యబోతే
వాని ఏలే అందుల ఇరికింది. నవ్వినం.
"దీనికి కార్తె లేదు, కావలి లేదు.
పండుకొని పొద్దుగాల పోతే సాలు."
"చిక్కేది పందేనని నీకెవలు చెప్పిన్రు?" బయన్న అడిగిండు.
"కణుజు పడ్తది. మూడు దినాలు నిలబడే చస్తది.
నేను ఇప్పిన ఒకదాన్ని. దాని కాలు అక్కడ్నే ఉండిపోయింది."

ఆశన్న మెల్లగ "కరెంటు తీగె" అన్నడు.
అందరు నిప్పుల దిక్కు చూసిన్రు.

పోయినేడు ఆ తీగెకు తగిలింది పంది కాదు.
నీళ్లు కట్టబోయిన ఎంకటమ్మ కొడుకు.
తీగెను పైలైనుకు తగిలించిన కొక్కెం
నా దాగలి మీదనే వంగింది.
"బాయిల బకీటు పడ్డది చారీ, ఒక గాలం చెయ్యి" అన్నడు ఆ మనిషి.
ముప్పై రూపాయలు.
ఎవరో ఈడున్నోళ్లందరికి ఎరుకే, ఎవ్వలం అనం.
ఇనుముకు ముందుగాల తెలువది, ఏ పనికి పోతున్నదో.
ఎండకాలం పొద్దు, బాయిల నీళ్లే లేవు.
నాకన్న తెలవద్దా?

బయన్న మోకాళ్లు పట్టుకొని చెప్పిండు:
"చారల పిల్లలు తల్లెంట తిరిగినన్ని దినాలు
మా ముసల్ది నారి కట్టనియ్యకపోయేది.
కార్తె పంచాంగంల ఉండది, పిల్ల వీపు మీద ఉంటది.
చారలు మాసినంక కట్టు.
ఇగ అమ్మంటవా, ఇరవై అడుగుల దాక పోకుంటే పని చెయ్యది.
అంత దగ్గరికి పోయినోడు దాని కన్ను చూస్తడు,
చూసి సగం సార్లు చెయ్యి దింపుతడు.
అందుకే మా పెంటల కూర తక్కువ."
నవ్విండు. మళ్ల అన్నడు:
"ఇప్పుడు అదీ లేదు. అడివి పులిది, పులి ఆఫీసుది."

"మరి నా పల్లీలు?" అన్నడు ఆశన్న.
దానికి బయన్న కాడ జవాబు లేదు.
నా కాడ కూడ లేదు.

గొల్లకావడి నడినెత్తికొచ్చింది.
చేన్ల దిక్కున కుక్క మొరిగింది, ఎవరో డబ్బా కొట్టిన్రు.
ఆశన్న చెప్పులు ఇడిచిపెట్టి ఉరికిండు,
ఎనుకనే రూప్లా, క్లచ్ వైరు నేల మీదనే ఉంది.
జానీమియా లేవలే. బీడీ ఎతుకుతున్నడు, చెవిల ఉన్నది మరిచి.

నేను ములికిని నీళ్లల్ల ముంచిన. సుయ్యిమన్నది.
బయన్న బొటనేలి గోరు మీద గీసి చూసి
తిరిగి నా చేతుల పెట్టిండు.
"ఇంకో కాక పెట్టు చారీ," అన్నడు,
"సాగదీసి సంపేటట్టున్నది ఇది."
వైరును కాలితోని నిప్పుల్లకు నూకి
తిత్తి తాడు అందుకున్నడు.